ఒక్క శాసనంతో గంట పాఠం ఎలా నడపాలి?

కాలేజీలో కొత్తగా చరిత్ర చెప్పడానికి చేరినవాళ్లు ఏటా నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "మూల ఆధారాలతో పాఠం చెప్పమంటారు సార్. తీరా శాసనం చేతికిస్తే పిల్లలు దిక్కులు చూస్తున్నారు. చివరికి మేమే చదివి, మేమే అర్థం చెప్పి, మేమే నోట్సు రాయించి బయటపడుతున్నాం. ఎక్కడ తేడా కొడుతోంది?"

తేడా సాధారణంగా ఒక్కచోటే ఉంటుంది. నేపథ్యం ముందే చెప్పేస్తాం. కథ తెలిసిపోయాక ఆ కాగితం చదవాల్సిన అవసరం ఎవరికుంటుంది? కింద చెప్పిన పద్ధతంతా ఆ వరసను తిరగేయడమే.

ఏడాది పొడవునా ఇలాగే చెప్పమనడం లేదు. యూనిట్‌కు ఒక్క గంట చాలు. మిగతావి మామూలు లెక్చర్లే. సిలబస్ కూడా కదలాలి కదా.

ఉదాహరణకు అశోకుడి 13వ శిలాశాసనం తీసుకుంటున్నాను. కళింగ యుద్ధం, పశ్చాత్తాపం అనగానే అందరికీ తెలిసిందే అనిపిస్తుంది. దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివినవాళ్లు మాత్రం చరిత్ర చెప్పేవాళ్లలోనూ తక్కువే. ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ల దాకా నేనూ చదవలేదు.

కావలసినవి

- ఒక మూలపత్రం, విద్యార్థులకు వచ్చిన భాషలో, ఒక పేజీకి మించకుండా.
- అదే పత్రానికి మరొకరు చేసిన అనువాదం. ఇది మీ కోసం, పంచడానికి కాదు.
- ఇద్దరికి ఒకటి చొప్పున జిరాక్స్ కాపీలు. మనిషికొకటి ఇస్తే ఎవరి కాగితంలోకి వాళ్లు వెళ్లిపోతారు. ఇద్దరి మధ్య ఒకటే ఉంటే వేలు పెట్టి చూపించుకుంటారు.
- కాపీలో ప్రతి పంక్తికీ నంబరు. దీన్ని వదిలేస్తే ఈ పద్ధతి సగం పనిచేయదు.
- చివర రాయించడానికి మనిషికో చీటీ.
- బోర్డు, గడియారం.

ప్రొజెక్టర్ అక్కర్లేదు. తెర మీద వేస్తే అందరి తలలూ తెరవైపు ఉంటాయి, చదివేవాళ్లు మాత్రం ఉండరు.

1. పత్రం ఎంచుకోండి

పేరున్న పత్రమా కాదా అన్నది పక్కన పెట్టండి. గంటసేపు మాట్లాడుకోవడానికి సరుకుందా లేదా చూడండి. నేను చూసేవి రెండు. చెప్పేవాడు ఎవరిచేతో ఏదో చేయించాలనుకుంటున్నట్టు కనబడాలి. చదువుతుంటే ఒక్కచోటైనా పంటికింద రాయిలా తగలాలి.

13వ శాసనంలో ఆ రాయి బాగానే తగులుతుంది. 1,50,000 మందిని తరలించారని, 1,00,000 మంది హతమయ్యారని, అంతకు ఎన్నో రెట్ల మంది చనిపోయారని రాజు చెబుతాడు. అందుకు బాధపడుతున్నానంటాడు. కొన్ని పంక్తులు దాటగానే అదే రాజు అడవి జనాలను హెచ్చరిస్తాడు: బాధపడుతున్నా సరే, దండించే శక్తి నాకుంది, బుద్ధి తెచ్చుకోండి, లేకపోతే ప్రాణాలు దక్కవు అని. పశ్చాత్తాపమూ బెదిరింపూ ఒకే రాయి మీద ఉన్నాయి.

వేరేది కావాలంటే కాకతీయ గణపతిదేవుడి మోటుపల్లి అభయశాసనం (1244) బంగారం లాంటిది. తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును ఇంతకుముందు రాజులు బలవంతంగా లాక్కునేవాళ్లని, తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ ముట్టుకోనని గణపతిదేవుడు వర్తకులకు మాట ఇస్తాడు. ఆ సుంకం 30వ వంతు. దయ అంటాడు, కీర్తి అంటాడు, వెంటనే ఏ సరుకుకు ఎంతో లెక్క మొదలవుతుంది. దయ ఎంత, వ్యాపారం ఎంత అని అడిగితే చాలు, క్లాసు మీ చేతిలో ఉండదు.

యూరప్ చరిత్ర చెప్పేవాళ్లకు 1215 నాటి మాగ్నా కార్టా ఉంది. మొత్తం 63 నిబంధనలూ ఇవ్వకండి. అలాగని అందరూ ఇచ్చే 39, 40 మాత్రమే ఇవ్వకండి. చట్టప్రకారం తీర్పు లేకుండా స్వతంత్రుణ్ని ఖైదు చేయరాదు, న్యాయాన్ని అమ్మరాదు అన్న ఆ రెండే చదివితే మానవహక్కుల పత్రంలా ఉంటుంది. థేమ్స్ నదిలో చేపలు పట్టే అడ్డుకట్టలన్నీ తీసేయాలన్న 33వ నిబంధనను కూడా వాటితో కలిపి ఇవ్వండి. ఇది రాయించింది ఎవరు, వాళ్ల రోజువారీ తలనొప్పులేమిటి అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది.

మొదటిసారికి ప్రశస్తులు వద్దు. హరిషేణుడు రాసిన సముద్రగుప్తుడి అలహాబాద్ ప్రశస్తి గొప్ప రచనే. కానీ మొదలు నుంచి చివరిదాకా పొగడ్తే కాబట్టి, అలవాటు లేనివాళ్లు "పొగిడాడు" అన్న ఒక్క మాట చెప్పి కాగితం పక్కన పడేస్తారు. దాన్ని మూడో నాలుగో క్లాసుకు దాచుకోండి.

2. కత్తిరించండి, కానీ నిజాయితీగా

250 నుంచి 300 మాటలకు కుదించండి. వదిలేసిన ప్రతిచోటా చుక్కలు పెట్టండి. చుక్కలు లేకపోతే అది మూలపత్రం కాదు, మీరు రాసిన పత్రం.

జాగ్రత్త: మన చేయి తెలియకుండానే ఇబ్బందిపెట్టే పంక్తుల మీదికే పోతుంది. "ఇది కాస్త అడ్డంగా ఉంది, తీసేద్దాం" అనిపించిన పంక్తిని తప్పనిసరిగా ఉంచండి. నేను మొదటిసారి తయారుచేసిన కాపీలో అడవి జనాల హెచ్చరిక లేదు. స్థలం చాలక తీశాననుకున్నాను. తర్వాత చూసుకుంటే, పాఠంలో చెప్పే కథకు అది సరిపడక తీశాను.

3. రెండో అనువాదంతో సరిచూడండి

రెండు అనువాదాలూ పక్కపక్కన పెట్టి తేడాలున్న మాటల కింద గీత గీయండి. ఆ మాటల్లో ఒకటి రెండింటిని మూలంలో ఉన్నట్టే వదిలేయండి. 13వ శాసనంలో అలా వదలాల్సింది 'ధమ్మ'. దాన్ని 'మతం' అంటే క్లాసు ఒకవైపు పోతుంది, 'నీతి' అంటే ఇంకోవైపు. కాందహార్‌లో దొరికిన గ్రీకు పాఠంలో ఆ కాలపు అనువాదకుడే దానికి 'యూసెబియా' అని వాడాడు. భక్తి, గౌరవం కలిసిన మాట అది. ఆ ముక్క జేబులో ఉంచుకోండి, చర్చ మధ్యలో పనికొస్తుంది.

4. ప్రశ్నలు మూడే రాసుకోండి

పుస్తకంలో జవాబు ఉన్న ప్రశ్న వద్దు. "అశోకుడు ఎందుకు పశ్చాత్తాపపడ్డాడు?" అనగానే ఇంటర్‌లో బట్టీపట్టిన జవాబు బయటికొస్తుంది. కాగితం చూడకుండా జవాబు చెప్పగలిగే ప్రశ్నలన్నీ పనికిరానివే.

నేను వాడేవి ఇవి:

- ఇందులో ఎవరెవరితో మాట్లాడుతున్నాడు? పంక్తుల నంబర్లు చెప్పండి.
- గొంతు ఏ పంక్తిలో మారింది?
- ఇది చదివి (లేదా చదవగా విని) ఎవరు భయపడాలి, ఎవరు నిశ్చింతగా ఉండాలి?

5. క్లాసు మొదలు: ఏమీ చెప్పకండి

కష్టమైన మెట్టు ఇదే. కాపీలు పంచి రెండే మాటలు చెప్పండి: ఇది రాతి మీద చెక్కింది, కాలం క్రీ.పూ. 3వ శతాబ్దం. అంతే. రాజు పేరు కూడా చెప్పొద్దు.

పేరు దాచడం ఆట కోసం కాదు. శాసనంలో ఉన్నది 'దేవానాంప్రియ ప్రియదర్శి' అనే బిరుదే. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని చదివినప్పుడు ఆయనకూ ఇంతే కనబడింది. ఇదెవరో సింహళ రాజు అనుకున్నాడు మొదట. టర్నర్ అనే అధికారి సింహళంలోని పాళీ గ్రంథాలు చూసి అశోకుడేనని చెప్పాడు. 1915లో మస్కిలో దొరికిన శాసనంలో అశోకుడన్న పేరే కనబడింది. మీ విద్యార్థులు పది నిమిషాలు తికమకపడితే నష్టమేమీ లేదు, ప్రిన్సెప్ అంతటివాడే పడ్డాడు.

ఎవరో ఒకరు "అశోకుడు సార్!" అని అరుస్తారు. అవుననీ కాదనీ అనకండి. "ఏ పంక్తిలో ఉంది?" అనండి.

6. ఎనిమిది నిమిషాలు మౌనం

గడియారం చూసి ఎనిమిది నిమిషాలు నిశ్శబ్దంగా చదవనివ్వండి. మూడో నిమిషానికి మీకే నోరు దురద పెడుతుంది. బెంచీల మధ్య తిరగొద్దు, కూర్చోండి. చదివేటప్పుడు మూడు గుర్తులు పెట్టమనండి: అర్థంకాని మాట చుట్టూ సున్నా, తనను తాను పొగుడుకున్నచోట కింద గీత, ఆశ్చర్యం వేసినచోట పక్కన ప్రశ్నార్థకం.

తర్వాత ఐదు నిమిషాలు పక్కవాళ్లతో గుర్తులు పోల్చుకోమనండి. ఇప్పుడు గోల వస్తుంది. రానివ్వండి.

7. బోర్డు మీద రెండు గళ్లు

ఎడమవైపు "రాయిలో ఉన్నది", కుడివైపు "మనం అనుకుంటున్నది" అని రాయండి. విద్యార్థి ఏం చెప్పినా ముందు ఒకటే అడగండి: "ఏ పంక్తి?" పంక్తి చూపిస్తే ఎడమకు, చూపించలేకపోతే కుడికి. కుడివైపు వెళ్లింది తప్పు కాదని గట్టిగా చెప్పండి, లేకపోతే నోరు విప్పరు.

మా క్లాసుల్లో దాదాపు ప్రతిసారీ కుడి గడిలోకి వెళ్లేది "యుద్ధం తర్వాత బౌద్ధమతం స్వీకరించాడు" అన్నది. పిల్లలు కాగితమంతా గాలిస్తారు. కళింగను గెలిచాక ధమ్మ మీద మనసు పెట్టానన్న మాట ఉంది, బుద్ధుడి పేరు లేదు. ఆ వెతుకులాటకు రెండు మూడు నిమిషాలు పడుతుంది. తొందరపెట్టకండి, ఆ రోజు పాఠంలో సగం అదే.

ప్రశ్న అడిగాక మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. నాలుగుకు వచ్చేసరికి జవాబు మీరే చెప్పబోతారు. ఆగండి. ఏడు, ఎనిమిది దగ్గర వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు కదులుతారు.

ఒకసారి అలా వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, "సార్, ఇది కళింగలో కూడా చెక్కించాడా?" అంది. నాకు తెలియదు. ఎర్రగుడిలో ఉందని తెలుసు, కాల్సీలో ఉందని తెలుసు, షాబాజ్‌గఢీలో ఖరోష్ఠీ లిపిలో ఉందని తెలుసు. కళింగ సంగతి ఎప్పుడూ తట్టలేదు. "చూసి రేపు చెబుతానమ్మా" అని తప్పించుకున్నాను. ఆ రాత్రి పుస్తకాలు తీస్తే తెలిసింది: కళింగ ప్రాంతంలో ధౌలి, జౌగడలో శిలాశాసనాల వరస ఉంది, అందులో 13వది లేదు. 11, 12 కూడా లేవు. వాటి బదులు రెండు ప్రత్యేక శాసనాలున్నాయి. "మనుషులందరూ నా బిడ్డలు" అన్న మాట ఉన్నది వాటిలోనే. కారణం లేకుండా జనాన్ని ఖైదు చేయొద్దు, హింసించొద్దు అని అక్కడి అధికారులకు చెప్పేదీ వాటిలోనే.

అంటే లక్ష మంది చావు గురించి రాజు దేశమంతా చెప్పుకున్నాడు, చచ్చినవాళ్ల ఊళ్లో తప్ప. ఎందుకు వదిలేశాడో రాయి చెప్పదు. ఆ అమ్మాయి ప్రశ్న అప్పటినుంచి నా పాఠంలో భాగమైపోయింది.

8. ఇప్పుడు నేపథ్యం

40 నిమిషాలు దాటాక, పది నిమిషాలకు మించకుండా చెప్పండి. మ్యాపు గీసి శాసనం దొరికిన చోట్లు గుర్తుపెట్టండి, తర్వాత ధౌలి, జౌగడ పెట్టి అక్కడ లేదని చెప్పండి. క్లాసు ఒక్కసారి నిశ్శబ్దమవుతుంది. అదే మాట మొదటి నిమిషంలో చెప్పి ఉంటే అది నోట్సులో ఇంకో పాయింటు.

శాసనంలో పేర్కొన్న యవన (గ్రీకు) రాజుల పేర్లు (అంతియోక, తురమాయ, అంతెకిన, మక, అలికసుదర) కూడా ఇప్పుడే విప్పండి. అశోకుడి కాలం లెక్కగట్టడానికి చరిత్రకారులకు పట్టు దొరికింది ఈ పేర్ల వల్లే. పడమటి దేశాల్లో ఆ రాజుల కాలం విడిగా తెలుసు కాబట్టి, ఈ ఐదుగురూ ఒకేసారి బతికున్న సంవత్సరాలు ఏవో చూస్తే చాలు. సిద్ధాంతం ఇంతకుమించి వద్దు.

9. చీటీ

చివరి ఐదు నిమిషాల్లో చీటీ మీద మూడు వాక్యాలు రాయమనండి: ఈ పత్రం కచ్చితంగా చెప్పేది ఒకటి (పంక్తి నంబరుతో), చెప్పకుండా వదిలేసింది ఒకటి, అది తెలుసుకోవాలంటే ఇంకే ఆధారం చూడాలి. పేరు రాయించాలా వద్దా మీ ఇష్టం. నేను రాయించను, అప్పుడే నిజం రాస్తారు.

తరచూ జరిగే పొరపాట్లు

"పక్షపాతం" అన్న మాట. ఇలాంటి పాఠం రెండోసారి చెప్పేసరికి పిల్లలకు ఇది ఊతపదమైపోతుంది. ఏ పత్రమిచ్చినా "రాసినవాడు పక్షపాతి, నమ్మలేం" అనేసి కూర్చుంటారు. నేను ఆ మాటను క్లాసులో నిషేధించాను. దాని బదులు "ఇలా చెప్పడం వల్ల ఇతనికి ఏం దక్కింది?" అని అడగమన్నాను. రాజు పొగరుగా రాయించినా సుంకాల పట్టిక అబద్ధమాడాల్సిన పనిలేదు. మోటుపల్లి శాసనంలో రాజు దయను అనుమానించండి, కర్పూరం, ముత్యాలు, మిరియాలు రేవుకొచ్చాయన్న సంగతిని కాదు.

తీర్పు చెప్పించడం. "అశోకుడు మంచివాడా, కపటా?" అని అడిగితే చర్చ వేడెక్కుతుంది, బయటివాళ్లు చూస్తే క్లాసు అదిరిందంటారు. కాగితం వైపు ఎవరూ చూడరు. నేనీ తప్పు చాలాసార్లు చేశాను, సరదాగా కూడా ఉంటుంది.

పేరు కనబడగానే పొంగిపోవడం. ఈ శాసనంలో ఆంధ్రుల ప్రస్తావన ఉంది. ఆ పంక్తి రాగానే క్లాసు లేచి కూర్చుంటుంది. కూర్చోనివ్వండి, కానీ వెంటనే అడగండి: ఇక్కడ ఆంధ్రులంటే ఎవరు, ఎక్కడివాళ్లు అని ఈ రాయి చెబుతోందా? ఎడమ గడిలో పేరు మాత్రమే రాయండి.

గుండ్రటి అంకెలు. 1,00,000, 1,50,000 అన్నవి తలలు లెక్కపెట్టి రాసినవన్నట్టు నోట్సులోకి ఎక్కిస్తారు. "శాసనం ప్రకారం" అన్న రెండు మాటలు ముందు పెట్టించండి.

ఒక్కరే మాట్లాడటం. ప్రతి క్లాసులో ఒకరుంటారు, చేయి దించరు. బోర్డు రాసే పని వాళ్లకివ్వండి.

పని జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

చీటీలను మూడు దొంతర్లుగా పెట్టండి. పంక్తి చూపించి సరిగా రాసినవి ఒకటి. పాఠ్యపుస్తకంలోని మాటలే తిరిగి రాసినవి రెండోది. "వదిలేసింది" అన్నచోట ఖాళీ ఉన్నవి మూడోది. మొదటిసారి రెండో దొంతరే పెద్దదిగా ఉంటుంది, కంగారుపడకండి. మూడోది పెద్దదైతే మాత్రం మీ పత్రం మరీ పొడవైంది, లేదా చర్చలో మీరే ఎక్కువ మాట్లాడారు. గంటలో ఎన్ని నిమిషాలు మాట్లాడారో ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. నేను విన్నప్పుడు సిగ్గేసింది, 41 నిమిషాలు నాదే గొంతు.

అసలు పరీక్ష నెల తర్వాత. ఎప్పుడూ చూడని పత్రం ఇచ్చి, ఏమీ చెప్పకుండా అవే మూడు వాక్యాలు రాయించండి. కాదేశ్ యుద్ధం (సుమారు క్రీ.పూ. 1274) ఇందుకు బాగుంటుంది. ఈజిప్టు రాజు రెండో రామ్సెస్ గుళ్ల గోడలనిండా తాను ఒంటిచేత్తో గెలిచానని చెక్కించుకున్నాడు. ఆయనతో తలపడ్డ హిట్టైట్ల రికార్డులు ఆ మాట ఒప్పుకోవు. రామ్సెస్ పాఠం మాత్రమే ఇవ్వండి. "అవతలివాళ్లు ఏం రాసుకున్నారో చూడాలి" అని క్లాసులో మూడోవంతు మందైనా రాస్తే పద్ధతి పట్టుబడినట్టే.

"యూనివర్సిటీ పరీక్షలో మాత్రం అశోకుని ధమ్మను వివరించండి అనే అడుగుతారు కదా" అంటారు. నిజమే. ఆ జవాబులోనే ఒక పేరా శాసనం మాటలతో రాయించండి. దిద్దేవాళ్లు ఎక్కడైనా ఒకే రకం జవాబులు చదివి విసిగిపోయి ఉంటారు, తేడా కనబడుతుంది.

మీ పరిస్థితి వేరైతే

వందమందికి పైగా ఉంటే: క్లాసును మూడు ముక్కలు చేసి మూడు ప్రశ్నల్లో ఒక్కోటి ఒక్కో ముక్కకివ్వండి. చీటీలన్నీ చదవక్కర్లేదు, కలిపి పాతిక తీయండి.

పీరియడ్ 40 నిమిషాలే అయితే: మౌనపఠనం తగ్గించకండి, నేపథ్యాన్ని మర్నాటికి నెట్టండి. రాత్రంతా తెలియకుండా ఉండటం మంచిదే.

రెండు భాషల్లో చదివేవాళ్లు కలిసి ఉంటే: జంటకు చెరో భాషలో కాపీ ఇవ్వండి. అనువాదాల తేడాలు వాళ్లే పట్టుకుంటారు, మూడో మెట్టులో మీరు పడ్డ కష్టం వాళ్లూ కొంత పడతారు.

జిరాక్స్ కుదరకపోతే: పది పంక్తులు బోర్డు మీద రాసి, నంబర్లతో సహా చేత్తో ఎత్తిరాయించండి. నెమ్మదే, కానీ ఎత్తిరాసినవాళ్లకు పంక్తి గుర్తుంటుంది.

అంతా అయ్యాక చీటీలు పారేయకండి. సంవత్సరం రాసి ఫైలులో పెట్టండి. వచ్చే ఏడాది అదే శాసనం తీసే ముందు ఒకసారి తిరగేయండి, ముఖ్యంగా "చెప్పకుండా వదిలేసింది" అన్న వాక్యాలు. నాలుగో ప్రశ్న కావాలనుకుంటే అక్కడే దొరుకుతుంది.